ఆవులింత గూటిలో దొర

ఆగస్టు 4, సోమవారం

కాలికి కట్టు, కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో ల్యాప్‌టాప్. డాక్టరు కదలొద్దన్నాడు కాబట్టి కదలడం లేదు. కళ్ళద్దాల షాపులో పై అరలోంచి ఫ్రేముల పెట్టె తీయబోయి స్టూలు మీంచి పడ్డానంటే అందరూ జాలిపడుతున్నారు. ఆ స్టూలు కాలు ఊగుతోందని నేను ముందే చెప్పాను. ఎవరూ బాగుచేయించలేదు. ఎందుకు చేయించలేదో నాకు తెలుసు. సరే, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

ఇవాళ రాయాల్సింది వేరే ఉంది. ఈ ల్యాప్‌టాప్ ఆటలో నా దొరకి ఇంకా రెండు జతలు మిగిలుండాలి. ఒకటే చూపిస్తోంది.

ఒక మగ బుంగీకి జన్మలో మూడు జతలే రాసిపెట్టారు ఈ ఆట కట్టినవాళ్ళు. దొరని నేను ఒక్కసారే జత కట్టాను. గోధుమరంగు పిల్ల పుట్టింది, పనికిరాదని వదిలేశాను. మిగతా రెండూ మంచి సంబంధం దొరికేదాకా అని దాచి దాచి ఉంచాను. మధ్యలో ఒకటి ఎవరు కాజేశారు?

పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. నాకూ, మా ఆయనకీ.

ఆగస్టు 5

ఆయన పనికి వెళ్ళాక అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దస్తమానం ఆ ఎలుకపిల్లలతో ఏం చేస్తావమ్మాయ్?"

ఎలుకలు కావు, బుంగీలు అన్నాను. బొచ్చు ముద్దల్లా ఉంటాయి, మూతి ముందుకు పొడుచుకొచ్చి పుట్టినప్పటినుంచీ అలిగినట్టే ఉంటాయి. నాకు కావలసింది పొగరంగు ఒళ్ళు, బంగారు కళ్ళు ఉన్న బుంగీ. ఏడాదిగా దానికోసమే తిప్పలు. పొగరంగు తల్లిలోనూ తండ్రిలోనూ కూడా దాగి ఉంటేనే పిల్లకి బయటపడుతుంది. గూటిలో చోటేమో తక్కువ. అందుకని ప్రతి పిల్ల తాతముత్తాతలనూ చూసి, పనికొచ్చేదాన్ని ఉంచుకుని, మిగతావాటిని అడవిలోకి వదిలేస్తూ ఉండాలి. ముద్దొస్తోంది కదా అని అన్నిటినీ పెట్టుకు కూర్చునేవాళ్ళు చచ్చేదాకా గోధుమరంగే చూస్తారు. ఇదంతా విడమరిచి చెప్పాను.

అత్తయ్య చాలాసేపు ఆలోచించింది.

"మీ మామయ్య వైపు అందరివీ చప్పిడి ముక్కులు. మీ ఆయనొక్కడికే ఇంత ముక్కు. ఏ ముత్తాత దాచిపెట్టాడో. మీ ఆట లెక్కన అయితే నన్ను పెళ్ళైన వారానికే అడవికి తోలేసేవాళ్ళు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఈవిడ ఇవాళ ఇంత ఓపిగ్గా నా పక్కన ఎందుకు కూర్చున్నట్టు? ఎప్పుడూ లేనిది.

ఆగస్టు 6

ఆయన షర్టు మీద గ్రీజు మరకతో వచ్చాడు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసేది ఈయనే, మా భవనానికి మాత్రం లిఫ్టే లేదు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నప్పుడు అడిగితే నిజం బయటపడుతుందని, చెప్పులు విప్పేలోపే అడిగాను.

"దొరని ఎవరికైనా ఇచ్చారా?"

"ఏ దొర?"

ఏ దొర! ఏడాదిగా రోజూ భోజనాల దగ్గర వింటున్న పేరు.

"నా మగ బుంగీ. ఒక జత తగ్గింది."

"ఆటలో ఏదో తప్పు జరిగుంటుందిలే. మా లిఫ్టులు కూడా ఒక్కోసారి మూడో అంతస్తులో ఆగి రెండు అని చూపిస్తాయి" అంటూ నీళ్ళు నమిలి, నిజం నీళ్ళు తాగడానికి వంటింట్లోకి పోయాడు. అత్తయ్య కూడా ఆయన వెనకే వెళ్ళింది. గుసగుసలు. కుళాయి తిప్పారు, గుసగుసలు వినపడకుండా.

ఆగస్టు 7

దొరికింది.

కొత్తగా పుట్టిన బుంగీల పేజీ ఒకటుంటుంది. ఎవరి గూట్లో ఏం పుట్టిందో లోకమంతా చూడొచ్చు. కిందికి పోతూ పోతూ, పోయిన నెలాఖరు దగ్గర ఆగిపోయాను.

పేరు: గుమ్మడికాయ. ఒళ్ళు: పొగరంగు. కళ్ళు: నలుపు. తండ్రి: దొర, యజమాని: చిరాకు. తల్లి: ముల్లంగి, యజమాని: ఆవులింత.

చిరాకు నేను. ఆట మొదలుపెట్టిన రోజు రాత్రి ఆ పేరు ఆయనే పెట్టాడు, సరదాగా. ఆవులింత ఎవరు?

వేరేవాళ్ళ బుంగీతో జత కడితే, గుడ్డు పడేదాకా ఇద్దరు యజమానులూ ఆటలోనే ఉండాలి. లేచిపోతే జత చెడిపోతుంది. అంతసేపు చేయడానికి ఇంకో పనుండదు, కబుర్లు చెప్పుకోవడం తప్ప. అంటే నేను ఆసుపత్రిలో కాలు పైకి కట్టించుకుని పడుకున్నప్పుడు ఈయన ఇక్కడ, నా కుర్చీలో కూర్చుని, ఆవులింతతో కబుర్లు చెప్పాడు.

మొగుడూ నావాడే, దొరా నాదే. ఏది ఎక్కువ మండిందో చెప్పమంటే చెప్పలేను. ఏడాదిగా నాకు పుట్టని పొగరంగు ఆవిడకి మొదటి గుడ్డులోనే పుట్టింది. దొరలో పొగరంగు దాగుందని నేను అనుకుంటూనే ఉన్నాను. రుజువు మాత్రం ఆవిడ గూట్లో దొరికింది.

ఆవిడ గూడంతా చూశాను. ముల్లంగి, గుమ్మడికాయ, ఉల్లిపాయ, వంకాయ. కూరగాయల పేర్లు పెట్టేవాళ్ళు లోకంలో వెయ్యిమంది ఉంటారు.

ఆగస్టు 8

వెయ్యిమంది ఉంటారు.

ఆగస్టు 9, శనివారం

అత్తయ్య నా భుజం మీంచి తెరలోకి తొంగిచూసి, "ముల్లంగా! ఇదేం పేరు. మీ చెల్లి కూడా ఆ కుక్కపిల్లకి ఇలాంటిదేదో..." అంది.

"కాదు" అన్నాను. ల్యాప్‌టాప్ మూసేశాను.

సాయంత్రం ఆయన ఏమీ ఎరగనట్టు, "నీ కాలి సంగతి మీ చెల్లికి చెప్పమంటావా?" అన్నాడు.

"నాకు చెల్లెలు లేదు."

"తప్పు, అలా అనకు."

తప్పెవరిది? ఇద్దరం ఒకే షాపులో, ఒకే బల్ల మీద అద్దాలు అరగదీసేవాళ్ళం. ఒకసారి ఒక పెద్దాయన కళ్ళజోడులో కుడి అద్దం ఎడమకీ ఎడమది కుడికీ బిగించాను. ఎవరికైనా జరుగుతుంది. ఆ సంగతి ఓనరు దాకా పోయింది, నన్ను బల్ల దగ్గర్నుంచి లేపి కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆ రోజు బల్ల దగ్గర ఉన్నది నేనూ, చెల్లీ. మరి ఉప్పందించింది ఎవరు? అడిగితే ఏడ్చింది. చేయనిదైతే కోపం రావాలి కానీ ఏడుపెందుకు? ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసి వేరే ఊరు పోయింది. మాట్లాడుకుని ఏడాది దాటింది.

ఈ ఆట కూడా ఇద్దరం కలిసే మొదలుపెట్టాం, షాపులో భోజనాల వేళ. తను వెళ్ళాక ఆ పాత ఖాతా మూసేసి మానేసిందట. ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో గుర్తులేదు.

ఆవులింత ఎవరో ఆ లిఫ్టు కంపెనీలో పనిచేసే ఆవిడ అయ్యుంటుంది. ఫోన్లు ఎత్తే ఆవిడ. ఆవిడ గొంతు నేను విన్నాను, ఎప్పుడూ నిద్రలేచినట్టే ఉంటుంది. సరిపోయింది.

ఆగస్టు 11

మెట్ల దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. తలుపు ఓరగా ఉంది. కుంటికాలితో గోడ పట్టుకుని అక్కడిదాకా వెళ్ళాను. డాక్టరు చూస్తే చంపేస్తాడు.

"... ఇప్పుడే చెప్పొద్దు. దానికి అసలే అనుమానం ఎక్కువ... లేదు లేదు, నేను చూసుకుంటాగా... నీ కష్టం ఊరికే పోదులే."

దానికి! నేను "అది" అయిపోయాను. ఆవిడేమో "నువ్వు".

నా అనుమానం ఎక్కువని అందరూ అంటారు. అనుమానం ఎక్కువ కాబట్టే కదా దొరికిపోయారు.

ఆగస్టు 12

భోజనాల దగ్గర ఆయన, "బంగారు కళ్ళ ఆడ బుంగీ కావాలంటే ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడిగేసి వెంటనే గరిటె కిందపడేశాడు.

"మీకెందుకు?"

"ఊరికే. నీ ఆట నేర్చుకుందామని."

పదకొండేళ్ళ కాపురంలో నాతో చదరంగం కూడా ఆడని మనిషి.

నాకు అర్థమైంది. ఆవులింత దగ్గర పొగరంగు మగది ఉంది, గుమ్మడికాయ. దానికి బంగారు కళ్ళ ఆడది జతైతే నేను ఏడాదిగా వెతుకుతున్న పిల్ల ఆవిడ గూట్లో పుడుతుంది. మొగుణ్ణి పట్టుకుపోయింది చాలక కలని కూడా పట్టుకుపోతోంది.

అత్తయ్య అన్నం మెతుకులు ఏరుకుంటూ, "పాపం, అడుగుతున్నాడు కదా చెప్పమ్మా" అంది. ఈవిడకి కూడా తెలుసు. ఇల్లంతా ఒకటైపోయింది.

ఆగస్టు 13

బంగారు కళ్ళ ఆడది నా దగ్గరే ఉంది. మహారాణి గడప.

చూడ్డానికి కళ్ళు చెదిరే పిల్ల. కానీ దాని గుడ్డు పగలదు. ఏ మగదానితో కట్టినా అంతే. రాయిలా పడుంటుంది, ఓ వారం చూసి మనమే తీసి పారేయాలి. అలాంటివి అరుదుగా పుడతాయి. వాటిని ఆట ఎక్కడా చూపించదు, పెంచినవాళ్ళకి అనుభవం మీదే తెలుస్తుంది. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉంది. అలాంటిదని తెలిసిన రోజునే దాని పేరు చివర "గడప" అని చేర్చాలి. గడప అని ఉన్నదాన్ని ఎవరికీ ఇవ్వకూడదు, ఎరువివ్వకూడదు. ఎవరైనా ఇస్తే వాళ్ళతో ఇక ఎవరూ జత కట్టరు. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా తప్పినట్టు వినలేదు.

ఇది ఊరికే రాసుకున్నాను.

ఆగస్టు 14

కొత్త ఖాతా తెరిచాను. పేరు: పక్కింటామె. మహారాణిని అందులోకి మార్చాను. పేరు చివర గడప తీసేశాను. మొత్తం పేరే మార్చేశాను, ఆ గూట్లో కలిసిపోయేలా. సొరకాయ.

ఆవులింతకి పంపాను. "మీ గుమ్మడికాయ బాగుంది. నా దగ్గర దీనికి చోటు లేదు, మీరు పెంచుకోండి" అని రాశాను. అంతే.

కాసేపటికే జవాబొచ్చింది.

"పక్కింటామెగారూ, ముక్కూ మొహం తెలియని నాకు ఇంత మంచి పిల్లని ఊరికే ఇచ్చేశారు. అదీ సరిగ్గా నాకు కావలసిన సమయంలో. మీ చెయ్యి చల్లన."

చేతులు నిజంగానే చల్లబడ్డాయి. ఫ్యాను తగ్గించమని అత్తయ్యకి చెప్పాను.

ఆగస్టు 15

నేనేం తప్పు చేయలేదు. నా మొగుడితో గంటలు గంటలు కబుర్లాడినవాళ్ళకి ఒక బొచ్చుముద్ద ఇచ్చాను.

ఆగస్టు 18

కట్టింది. గుమ్మడికాయా సొరకాయా. గుడ్డు పడింది.

ఈయన ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నాడు.

ఆగస్టు 25, సోమవారం

ఇంకా గుడ్డే.

ఈల ఆగిపోయింది. భోజనం దగ్గర ఏమైందని అడిగితే, ఏం లేదు, లిఫ్టు తాడు ఒకటి తెగిందన్నాడు. తెగింది లిఫ్టు తాడు కాదని నాకు తెలుసు. నేను మాత్రం కడుపునిండా తిందామని కూర్చున్నాను. రెండు ముద్దలు తిని లేచాను. మందుల వల్ల నోరు చేదుగా ఉంటోంది.

ఆగస్టు 26

మళ్ళీ కట్టింది, ఆ రెండింటినే. పిచ్చిదా? ఒక గుడ్డు రాయైతే దురదృష్టం అనుకుంటారు సరే. గుమ్మడికాయకి ఉన్నవే మూడు జతలు. కొంచెమైనా అనుమానం రాదా ఈ మనిషికి? ఇచ్చింది ఎవరు, ఎందుకిచ్చారు, పాత పేరేంటి అని ఒక్కసారి ఆరా తీస్తే తెలిసిపోదా?

ఇంత అమాయకంగా ఎవరుంటారు.

ఆ ప్రశ్న కొట్టేయబోయి ఉంచాను. లిఫ్టు కంపెనీ ఆవిడ అమాయకురాలు కాదు. ఫోన్లోనే తెలుస్తుంది.

సెప్టెంబరు 3

రెండోది కూడా పగల్లేదు.

సెప్టెంబరు 6, శనివారం

పొద్దున్న కట్టు విప్పారు. కాలు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు సన్నగా, తెల్లగా ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని మూడంతస్తులూ ఎక్కించాడు. ప్రతి మలుపులోనూ ఆగి, "తొందరేం లేదు, తొందరేం లేదు" అన్నాడు. తొందర ఆయనకే ఉంది, మొహం చూస్తే తెలిసిపోతోంది.

ఇంట్లోకి రాగానే ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టాడు. అత్తయ్య తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

నా గూటి గుమ్మంలో ఒక గుడ్డుంది. తండ్రి: గుమ్మడికాయ. తల్లి: సొరకాయ. పంపినవారు: ఆవులింత. కింద ఉత్తరం.

"అక్కా, నీ కాలు విరిగిందని బావ ఫోన్ చేశాడు. రావాలనిపించింది, ధైర్యం చాల్లేదు. నీకిష్టమైన రంగు చేసి పంపుదామని బావని బతిమాలి దొరని ఎరువు తీసుకున్నాను. కోప్పడకు. పొగరంగు వచ్చింది కానీ కళ్ళు రాలేదు. అంతలో దేవుడిలా ఎవరో బంగారు కళ్ళ పిల్లని ఇచ్చారు. నా చేతిలో రెండు గుడ్లు పగల్లేదు. నా చెయ్యి ఎప్పుడూ అంతే కదా. ఇది గుమ్మడికాయకి ఆఖరిది, అందుకే నీకు పంపుతున్నాను. నీ చేతిలో పగులుతుంది. పగిలిన రోజు ఫోన్ చెయ్యి, బయల్దేరి వచ్చేస్తాను. అంతవరకూ ఏం మాట్లాడుకున్నా పోట్లాడుకుంటాం. నీ చెల్లి."

"ఇంకా అర్థం కాలేదా?" అన్నాడు ఆయన. చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది మొహం. "నెలన్నర నుంచి దాచలేక చచ్చాననుకో. అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయా. దొర జత తగ్గిందని నువ్వు అడిగిన రోజు నా పని అయిపోయిందనుకున్నా."

నేను ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఇద్దరూ నా వీపు నిమిరారు.

సెప్టెంబరు 7

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ కళ్ళజోడు సంగతి ఓనరుకి చెప్పింది ఆ పెద్దాయనే. మెట్లు దిగుతూ తూలిపడబోయి, నేరుగా షాపుకొచ్చి ఓనరు ముందు కళ్ళజోడు పెట్టాడట. చెల్లి ఆ తప్పు తనదేనని కూడా చెప్పబోయిందట, ఓనరు నమ్మలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. పోయినేడు రెండుసార్లు చెప్పాను. మీ చెల్లి చెప్పమంటే నేను చెబుతున్నానన్నావు."

అన్నానా? అనే ఉంటాను.

సెప్టెంబరు 9

ఉపాయం ఆలోచించాను. దొరకి ఇంకా ఒక జత మిగిలుంది. దాన్ని బంగారు కళ్ళ వంశంలోంచి వచ్చిన పిల్లతో కడితే, అదృష్టం ఉంటే పొగరంగు, బంగారు కళ్ళు రెండూ రావొచ్చు. వస్తే ఈ గుడ్డు పగిలి వచ్చిందని చెప్పొచ్చు. పుట్టిన వివరం చూస్తే దొరికిపోతాను. కానీ చెల్లి చూడదు. అది అలా చూసే మనిషి కాదు. చూసే మనిషైతే సొరకాయ ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడో చూసేది.

కట్టాను.

సెప్టెంబరు 13

పుట్టింది. గోధుమరంగు. నల్లకళ్ళు. మూతి ముడుచుకుని నన్నే చూస్తోంది.

దొర పని అయిపోయింది. ఇలాంటివాటిని అడవికి వదిలేయాలి. గోధుమరంగుదాన్ని కూడా వదిలేయాలి. ఇద్దర్నీ వదల్లేదు, గూట్లో చోటు లేకపోయినా. ఇంకో మంచి పిల్లని వదిలి వీటికి చోటిచ్చాను. ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

సెప్టెంబరు 15, సోమవారం

ఆయన పనికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గుడ్డు చూస్తున్నాడు. చెల్లి ఆయనకి మెసేజ్ పెడుతోంది, "పగిలిందా బావా?" అని. కొన్ని గుడ్లు ఆలస్యంగా పగులుతాయని ఆయన నాకే ధైర్యం చెబుతున్నాడు. నువ్వు పెంచిన మహా మహా బుంగీలని చూశాం, ఇదెంత అంటున్నాడు.

ఇన్నాళ్ళూ ఈయన మొహంలో అబద్ధం వెతికాను. ఇప్పుడు ఈయన ఎదుట నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

సెప్టెంబరు 16

మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే. అత్తయ్య బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ గుడ్డు పగలదని నీకెలా తెలుసమ్మాయ్?"

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. ఇంట్లో అందరం దాన్నే చూస్తున్నాం. నాకు ఆ ఎలుకల సంగతి ఏమీ తెలియకపోయినా పొద్దున్నే లేచి చూస్తున్నా. నువ్వొక్కదానివే చూడవు. ఏడాదిగా దీనికోసం కళ్ళు కాయలు కాచేలా చూసినదానివి."

మడతపెట్టిన దుప్పటి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆవిడ నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"ఏం చేశావో నాకు చెప్పకు, నాకు అర్థం కాదు. మీ చెల్లికి చెప్పు. గుడ్డు పగిలితేనే వస్తానంది ఆ పిల్ల. ఇక ఈ జన్మకి రాదు."

సెప్టెంబరు 17

ఫోన్ చేశాను.

ఒక్క రింగుకే ఎత్తింది. "పగిలిందా!" అని అరిచింది. ఏడాది దాటాక వింటున్న గొంతు. ఏమనాలో సిద్ధం చేసుకున్నదంతా మర్చిపోయాను.

"పగల్లేదు. పగలదు."

"అప్పుడే ఎలా చెప్తావే, ఇంకా..."

"సొరకాయ గడపది. పేరు తీసేసి నేనే పంపాను. పక్కింటామె నేనే."

అవతల ప్రెషర్ కుక్కరు ఈల వేసింది, అది కట్టేయడానికి కూడా తను లేవలేదు.

"బావ ఎవరితోనో ఆడుతున్నాడనుకున్నాను" అన్నాను. "ఎవరో ఆడదానితో. దాని గూడు నాశనం చేద్దామని."

"బావా?" అంది. నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. "మా బావా! నట్టూ బోల్టూ తప్ప ఆడదాని మొహం ఎరగని మా బావా!" ఆ తర్వాత నవ్వు పోయింది. చాలా నెమ్మదిగా అడిగింది. "అక్కా, ఒక్కటి చెప్పు. నేనని తెలిసే పంపావా?"

"తెలియదు" అన్నాను.

"అయితే సరే."

అంతే. అయితే సరే.

"సొరకాయ అనే పేరు చూసి, ఎవరో మనలాంటి పిచ్చివాళ్ళే అనుకుని ఎంత మురిసిపోయానో తెలుసా. మూడు గుడ్లు పోగొట్టావు కదే రాక్షసీ. శనివారం వస్తాను. వచ్చి నీ రెండో కాలు విరగ్గొడతాను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఇంత తేలికైపోతుందనుకోలేదు. అత్తయ్య టీ పెట్టి ఇచ్చింది.

సెప్టెంబరు 18

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

చిన్నప్పుడు చెల్లి కుక్కపిల్లకి బీట్‌రూట్ అని పేరు పెట్టింది. పిల్లికి వంకాయ. షాపులో ఆట మొదలుపెట్టినప్పుడు తన మొదటి బుంగీ పేరు ఉల్లిపాయ. మధ్యాహ్నం భోజనమయ్యాక నోరంతా తెరిచి ఆవులించేది, ఓనరు తిట్టేవాడు. ముల్లంగి అన్న పేరు కనపడిన రోజే నాకు తెలుసు. ఆ ఫోన్లు ఎత్తే ఆవిడని నేనే కల్పించుకున్నాను. ఎవరో పరాయిదైతే అంత కోపం వచ్చేది కాదు. నా మొగుడితో, నా దొరతో, నాకు తెలియకుండా, నా చెల్లెలు. మళ్ళీ నా వెనకాల. అదీ నా కోపం.

తెలిసే పంపాను. తెలియదని చెప్పాను. వెంటనే నమ్మింది.

సెప్టెంబరు 19

అంత వెంటనే ఎలా నమ్మింది?

నేనైతే నమ్మను. మూడు గుడ్లు పోగొట్టినదాన్ని, ఏడాది ఏడిపించినదాన్ని, ఒక్క ప్రశ్న అడిగి, ఒక్క మాటకి, అయితే సరే అని వదిలేస్తారా ఎవరైనా? నవ్వుతారా? సొరకాయ అని పేరెందుకు పెట్టావని అడగలేదు. అడగాలి కదా. పరాయిదాని గూటికి సరిగ్గా సరిపోయే పేరు నీకెలా తట్టిందని ఎవరైనా అడుగుతారు. అడగలేదంటే తెలిసే అడగలేదా?

అత్తయ్య గది తుడిచి మంచం మీద కొత్త దుప్పటి వేసింది. ఆయన చెల్లికి ఇష్టమని బిస్కెట్లు తెచ్చాడు. అందరూ సంతోషంగా ఉన్నారు.

సెప్టెంబరు 20, శనివారం

బస్సు దిగానని చెల్లి ఇప్పుడే ఫోన్ చేసింది. ఆయన తీసుకురావడానికి వెళ్ళాడు. దారిలో ఏమైనా తేవాలా అక్కా అని అడిగింది.

గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది.